అత్తరు వీధిలో ఆల్కహాలు పెట్రోలు

మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడుస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానుల వరస కనిపిస్తుంది. అదే పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేశాక, ఊరిని మళ్లీ తీర్చిదిద్దడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలంనాటి కట్టడం. కమానుల కింద ముత్యాల కొట్లు, బట్టల కొట్లు, అత్తరు కొట్లు. అత్తరు కొనేవాళ్లలో చాలామంది మొదట అడిగేది వాసన గురించి కాదు, ‘ఇందులో ఆల్కహాల్ లేదు కదా?’ అనే. లేదని చెప్పి, గాజుపుల్లతో ఒక చుక్క మణికట్టు వెనక రాస్తాడు దుకాణదారు. నూనెలో దిగిన సుగంధం కాబట్టి సాయంత్రం దాకా ఉంటుంది. స్ప్రే సెంటైతే ఆల్కహాలుతో పాటే సగం ఎగిరిపోతుంది.

అదే కొట్టు ముందు బట్టల మూటలు కట్టుకుని నిలబడ్డ మోపెడ్ ట్యాంకులో మాత్రం ఐదో వంతు ఆల్కహాలే. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా ఫలితం లేదు, ఎందుకంటే మామూలు బంకులో వేరే రకం దొరకదు.

ఇథనాల్ కలిపిన పెట్రోలు చిన్న ఇంజిన్లను నిజంగానే పాడుచేస్తుందా, చేస్తే ఎలా చేస్తుంది, ఇథనాల్ లేని పెట్రోలు వెతుక్కుని పోయాల్సినంత అవసరం ఉందా? పెద్ద కార్ల గొడవలో ఈ ప్రశ్న మరుగున పడిపోతోంది. కారుకు బుర్ర ఉంది. పొగగొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్ మంట తీరు చూసి, ఇంధనం ఎంత చిమ్మాలో క్షణక్షణానికీ సరిచేస్తుంది. పాత లూనాకు, టీవీఎస్ ఫిఫ్టీకి, సైకిలుకు బిగించిన కిట్టు ఇంజినుకు ఉన్నదల్లా కార్బరేటర్. అందులో ఒక ఇత్తడి జెట్, జెట్టుకు ఒక సన్న రంధ్రం. ట్యాంకులో ఏం పోశారో ఆ రంధ్రానికి తెలియదు.

ముందు ఈ ఆల్కహాలు ట్యాంకులోకి ఎలా వచ్చిందో చూద్దాం. తెలంగాణకు ఇది కొత్త సంగతేం కాదు. నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు కోసం 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. పంచదార తీశాక మిగిలే మొలాసిస్‌ను ఏం చేయాలన్న ప్రశ్నకు అక్కడి శక్కర్‌నగర్‌లో దొరికిన జవాబుల్లో పవర్ ఆల్కహాల్ ఒకటి. నీరు దాదాపు పూర్తిగా తీసేసి పెట్రోలులో కలపడానికి పనికొచ్చేలా చేసిన ఇథనాలే ఆ పవర్ ఆల్కహాల్. 1948లో దీనికోసం ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టం కూడా వచ్చింది. తర్వాత పెట్రోలు చవకయింది, ఆల్కహాలు రసాయన పరిశ్రమల వైపు, సారా వైపు మళ్లింది, చట్టాన్ని 2000లో ఎత్తేశారు. చిత్రమేమిటంటే మూడేళ్లు తిరక్కుండానే, 2003లో, ఐదు శాతం ఇథనాల్ కలిపే పథకం మళ్లీ మొదలైంది. తొలి విడత తొమ్మిది రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2022 జూన్‌కల్లా దేశమంతా సగటున పది శాతానికి చేరింది. ఇరవై శాతం కలిపిన ఈ-20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చింది. 2030కి అనుకున్న లక్ష్యాన్ని 2025కి జరిపారు, అందుకున్నారు కూడా. బోధన్ ఫ్యాక్టరీ మాత్రం ఇదేదీ పూర్తిగా చూడలేదు. 2015లోనే మూతపడింది.

ఇప్పుడు ఇథనాల్ చెరకు నుంచే కాదు, నూకల నుంచి, మక్కల నుంచి కూడా వస్తోంది. అందుకోసం పెట్టే ఫ్యాక్టరీలకు ఊళ్లలో ఎదురుగాలి కూడా గట్టిగానే ఉంది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ రోడ్డెక్కితే అక్కడి పనులు ఆగాయి. ఆ నీళ్ల తగాదా, పొలాల తగాదా వేరే అధ్యాయానికి సరిపడే విషయం. ఇక్కడ మన నీళ్ల తగాదా ట్యాంకు లోపలిది.

పెట్రోలుకు నీళ్లంటే పడదు. లీటరు పెట్రోలులో చెంచాడు నీళ్లు పోసి ఎంత ఊపినా కాసేపటికి నీళ్లు అడుగుకు చేరతాయి. ఇథనాల్ అణువు రెండు పక్షాలకూ చుట్టం. ఒక కొసన ఉన్న కార్బన్ గొలుసు పెట్రోలుతో కలుస్తుంది, ఇంకో కొసన ఉన్న ఓహెచ్ గుంపు నీటిని పట్టుకుంటుంది. అందుకే ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత నీటిని కనబడకుండా తనలో దాచుకోగలదు. కొంతవరకు ఇది మేలే. అప్పుడప్పుడు పడే నాలుగు చుక్కలు పెట్రోలుతో పాటే ఇంజినులోకి వెళ్లి ఆవిరైపోతాయి. తిప్పలన్నీ హద్దు దాటినప్పుడే.

ఆ హద్దు ఎంత? పది శాతం మిశ్రమం పదిహేను డిగ్రీల దగ్గర సుమారు అర శాతం నీటిని మోయగలదు. మోపెడ్ ట్యాంకు నాలుగు లీటర్లనుకుంటే ఇరవై మిల్లీలీటర్లు, అంటే నాలుగు చెంచాలు. ఇరవై శాతం మిశ్రమం ఇంకొంచెం ఎక్కువే మోస్తుంది. అయితే చలి పెరిగేకొద్దీ మోసే శక్తి తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో సజావుగా ఉన్న ట్యాంకు డిసెంబరు తెల్లవారుజామున హఠాత్తుగా రెండుగా విడిపోవచ్చు. విడిపోయేటప్పుడు నీరు ఒంటరిగా దిగదు, ఇథనాల్‌ను వెంటబెట్టుకుని దిగుతుంది. కలిసింది నాలుగైదు చెంచాల నీరే అయినా అడుగున చేరే పొర వందల మిల్లీలీటర్లుండొచ్చు.

దీన్ని కళ్లారా చూడాలంటే ఓ గీతల గాజు గొట్టం చాలు. ఆరుబయట, నిప్పుకు దూరంగా, నూరు మిల్లీలీటర్ల గీత దాకా బంకు పెట్రోలు, పైన ఇరవై మిల్లీలీటర్ల నీళ్లు. మూతిమూసి ఊపి పక్కన పెడితే ముందు పాలలా తెల్లబడుతుంది. పది నిమిషాల్లో తేరుకుని నడుమ ఒక స్పష్టమైన గీత పడుతుంది. ఇథనాల్ లేని పెట్రోలైతే ఆ గీత ఇరవై దగ్గరే నిలుస్తుంది. ఈ-20 అయితే ముప్పై దాటి నలభై దగ్గరికి వస్తుంది. పెరిగినదంతా నీళ్లలోకి ఫిరాయించిన ఇథనాల్. వాడిన పెట్రోలును మళ్లీ బండిలో పోయకూడదు, మోరీలో అసలే పోయకూడదు.

మోపెడ్ కట్టుబడి ఈ కష్టాన్ని ఇంకాస్త పెంచుతుంది. ట్యాంకు కింద పెట్రోల్ కాక్ ఉంటుంది కదా, అందులో నిలువుగా లేచిన గొట్టం మామూలు వాడకానికి, అడుగున ఉన్న రంధ్రం రిజర్వ్‌కు. నీరు కలిసిన పొర ముందు కూర్చునేది ఆ అడుగు రంధ్రం దగ్గరే. ‘బండి బాగానే నడిచింది అన్నా, రిజర్వ్‌లో పడంగనే ఆగింది’ అని వానాకాలంలో మెకానిక్ దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పే మాటకు అర్థం ఇదే. మెకానిక్ కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పి, వేలితో అడుగు గీకి, ‘కచ్రా ఆగయా భాయ్’ అంటాడు. ఆ కచ్రాలో ట్యాంకు తుప్పు ఉంటుంది, ఎండిపోయిన పెట్రోలు జిగురు ఉంటుంది, అల్యూమినియం, జింకు తినేసినప్పుడు రాలే తెల్లని పొడి ఉంటుంది. ఇథనాల్ మంచి ద్రావకం కూడా కాబట్టి, పాత ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి అంటుకున్న జిగురును కడిగి తెచ్చి జెట్టు మూతికి పెడుతుంది. కొత్త పెట్రోలు పోసిన మొదటి నెలలోనే కార్బరేటర్ మూసుకుపోయిందంటే నేరం పూర్తిగా కొత్త పెట్రోలుది కాదు, పాత మురికిది.

టూ స్ట్రోక్ ఇంజినుకు మరో గండం. ఈ ఇంజినులో బేరింగులకూ పిస్టన్‌కూ విడిగా ఆయిల్ ఏర్పాటు లేదు, పెట్రోలులో కలిపిన టూటీ (2T) ఆయిలే దిక్కు. ఆన్‌లైన్‌లో దొరికే సైకిల్ కిట్లకు లీటరుకు నలభై మిల్లీలీటర్ల చొప్పున కలపడం మామూలు. ఆ ఆయిల్ పెట్రోలులో కరుగుతుంది గాని నీళ్లు కలిసిన ఇథనాల్‌లో కరగదు. ట్యాంకు రెండు పొరలుగా విడిపోతే ఆయిలంతా పైపొరలో, కాక్ లాగేది కింది పొరను. ఇంజినులోకి వెళ్లేది జిడ్డు లేని సారా. చాలాసార్లు బండి ముక్కి మూలిగి ముందే ఆగిపోతుంది, అది అదృష్టం. సగం సగం మండుతూ నడిచిందా, పిస్టన్ పట్టేస్తుంది.

ఆ కిట్ల సంగతి ఒకటి చెప్పుకోవాలి. 80 సీసీ అని అమ్మే వాటిలో చాలావరకు సిలిండర్ అడ్డకొలత 47 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 38 మిల్లీమీటర్లు. లెక్క కడితే 66 సీసీ దాటదు. డబ్బా మీది అంకె అలా ఉంచితే, చట్టం చూసేది ఇంకో అంకెను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాల కన్నా తక్కువున్న బండికి 25 సీసీ దాటని ఇంజినైతే అది మోటారు వాహనం కిందికి రాదు. 66 సీసీ కిట్టు బిగించిన సైకిలు మాత్రం చట్టం కళ్లకు నంబరు ప్లేటు లేని మోటారు బండే. పత్తర్‌గట్టి రద్దీలో దాన్ని తిప్పాలనుకునేవాళ్లు ఇథనాల్ కన్నా ముందు ఆలోచించాల్సింది ట్రాఫిక్ పోలీసు గురించి.

పెడల్ తొక్కి స్టార్ట్ చేసే బండ్లు మనవాళ్లకు కొత్తవి కావు. ఫ్రాన్సు మోటోబెకాన్ కంపెనీ నమూనాతో సువేగా మోపెడ్‌ను తయారుచేసింది తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా. 1972లో కైనెటిక్ వాళ్ల లూనా వచ్చింది, 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50. ఆ బండ్లకు రబ్బరు పైపులూ గ్యాస్కెట్లూ ఎంచినవాళ్ల ఊహలో కూడా ఆల్కహాలు లేదు. పాత రబ్బరు ఇథనాల్‌లో నానితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆరితే పగుళ్లు తేలుతుంది. ఫ్లోట్ నీడిల్ కొసన ఉన్న చిన్న రబ్బరు ముక్క ఉబ్బినా చాలు, గిన్నె నిండదు, లేదంటే పొంగి కారుతుంది. నయం చేయడానికి పెద్ద ఖర్చేం కాదు. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరో రబ్బరు ముక్కలు, కొత్త పైపు వేయిస్తే పని అయిపోతుంది. దేశంలో 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకు ఈ రకం సామగ్రే వాడుతున్నారు.

రబ్బరు మార్చినా జెట్టు లెక్క మిగిలే ఉంటుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్‌కు తొమ్మిది కిలోలు చాలు, ఎందుకంటే అది తన ఆక్సిజన్‌ను కొంత తనతోనే తెచ్చుకుంటుంది. ఇరవై శాతం మిశ్రమానికి లెక్క 13.5 దగ్గర తేలుతుంది. అంటే పెట్రోలుకు కుదిర్చిన జెట్టులోంచి ఈ-20 వెళితే ఇంజినుకు దాదాపు ఎనిమిది శాతం ఇంధనం తక్కువ పడినట్టు. పికప్ పోతుంది, పైకి ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది, ప్లగ్ ఇటుకరాయి రంగు పోయి తెల్లబడుతుంది. గాలితో చల్లబడే చిన్న టూ స్ట్రోక్‌కు, అందులోనూ మే నెల ఎండలో గంటకు పది కిలోమీటర్ల వేగంతో మూటలు మోసేదానికి, ఆ తెలుపు మంచి శకునం కాదు. దిద్దుబాటు మాత్రం వింతగా చిన్నది. జెట్టు రంధ్రం 0.70 మిల్లీమీటర్లుంటే దాన్ని 0.73 చేస్తే ఆ ఎనిమిది శాతం తిరిగొస్తుంది. పిన్నీసుతో గెలికి పెద్దది చేసేవాళ్లున్నారు. అది ఎంత పెరిగిందో వాళ్లకే తెలియదు కాబట్టి, ఒక సైజు పెద్ద జెట్టు కొని వేయడమే పద్ధతి.

మైలేజీ ఎంత తగ్గుతుంది? లీటరు ఇథనాల్‌లో ఉన్న శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన ఇరవై శాతం మిశ్రమానికి ఏడు శాతం దాకా శక్తి తగ్గాలి. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక, పాత ద్విచక్ర వాహనాలకు మూడు నాలుగు శాతం తరుగు ఉండొచ్చంది. అరవై ఇచ్చే బండి యాభై ఎనిమిది ఇస్తుంది. దానికే ‘సగం పడిపోయింది’ అని వాదించేవాళ్ల బండికి ఇథనాల్ కాని రోగం ఇంకేదో ఉంది.

ఇథనాల్ లేని పెట్రోలు కావాలంటే దారేది? ఆ ఎంపిక జనానికి ఉండాలంటూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. బంకుల్లో మిగిలిన దారి ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ-100 లాంటి వంద ఆక్టేన్ పెట్రోలు. అందులో ఇథనాల్ కలపరు. కొన్ని బంకుల్లోనే ఉంటుంది, ధర లీటరుకు నూట అరవై రూపాయల ప్రాంతం. దీన్ని పోయిస్తే బండి పరిగెడుతుందనుకోవడం మాత్రం భ్రమ. ఆక్టేన్ అంటే బలం కాదు, ఒత్తిడికి ముందే అంటుకోకుండా ఆగగల ఓర్పు. గట్టిగా నొక్కే స్పోర్ట్స్ ఇంజినుకు ఆ ఓర్పు అవసరం. మెల్లగా నొక్కే లూనాకు పాత 91 ఆక్టేనే ఎక్కువ. వందకు పెట్టే అదనపు డబ్బు పూర్తిగా ‘ఇథనాల్ లేదు’ అన్న ఒక్క గుణానికే.

కొందరు ఇంట్లోనే బకెట్టులో నీళ్లు కలిపి ఇథనాల్‌ను ‘కడిగి’ పైపొరను వాడుకుంటారు. ఇది అతి తెలివి. రిఫైనరీ ఇథనాల్ తెచ్చే ఆక్టేన్‌ను లెక్కలో వేసుకునే అసలు పెట్రోలును తయారుచేస్తుంది. కడిగేస్తే మిగిలేది తక్కువ ఆక్టేన్ పెట్రోలు, అది కూడా నీటి చెమ్మతో. పైగా పాతబస్తీ ఇరుకింట్లో బకెట్టెడు పెట్రోలు ఆవిరి కమ్ముకుంటే ఒక్క అగ్గిపుల్ల చాలు.

బయటి దేశాలు చిన్న ఇంజినును వేరుగానే చూశాయి. అమెరికాలో పదిహేను శాతం ఇథనాల్ పెట్రోలును కొత్త కార్లకు అనుమతించినప్పుడు మోటారుసైకిళ్లు, పడవలు, గడ్డి కోసే యంత్రాల్లో వాడకూడదని పర్యావరణ సంస్థ పంపుల మీదే హెచ్చరిక అంటించింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ పాఠం ఏటా వసంతంలో అందుతుంది, చలికాలమంతా షెడ్డులో ఉన్న లాన్‌మోవర్ తాడు ఎన్నిసార్లు లాగినా పలకదు. స్వీడన్‌లో ఆస్పెన్ అనే ఆల్కైలేట్ పెట్రోలును చిన్న ఇంజిన్ల కోసమే డబ్బాల్లో అమ్ముతారు. ఇథనాల్, బెంజీన్ రెండూ దాదాపు ఉండని ఆ పెట్రోలు ఏళ్ల తరబడి నిలవుంటుంది. బ్రెజిల్ కథ దీనికి తిరగబడి ఉంటుంది. 1931 నుంచే అక్కడ ఇథనాల్ కలపడం తప్పనిసరి, ఇప్పుడు ముప్పై శాతానికి వెళ్లారు. అక్కడి చిన్న బండ్లు బతికే ఉన్నాయి, ఎందుకంటే వాటిని ఆ పెట్రోలుకు తగ్గట్టే కట్టారు.

ఇవన్నీ చూశాక పత్తర్‌గట్టి మోపెడ్ విషయంలో తేలేది ఇది: దానికి అసలు శత్రువు ఇథనాల్ కాదు, ఇథనాల్‌తో కలిసి వచ్చే నిలవ. పొద్దున పోసిన లీటరు రెండు రోజుల్లో మండిపోయే బండిలో నీళ్లు చేరడానికి, పొరలు విడిపోవడానికి, రబ్బరు నానడానికి వ్యవధే ఉండదు. గాలిలోని తేమను పెట్రోలు పీల్చుకోవడం వారాలు పట్టే పని. మునిగేది మూలన పడ్డ బండి. తాత గుర్తుగా టార్పాలిన్ కింద దాచుకున్న లూనా, ఆదివారం సరదాకి తీసే కిట్టు సైకిలు, సీజన్ అయ్యాక గోదాములోకి నెట్టిన మందు కొట్టే పవర్ స్ప్రేయర్ లాంటివి. లీటరుకు నూట అరవై పెట్టడం వీటికి సబబే, ఏడాదికి రెండు మూడు లీటర్లు మించవు కాబట్టి. రోజూ తిరిగే బండికి అది దండగ.

మూలన పెట్టేముందు చేయాల్సింది నిమిషాల పని. కాక్ మూసేసి, ఇంజిను తనంతట తాను ఆగేదాకా నడవనిస్తే గిన్నెలో పెట్రోలు ఖాళీ అవుతుంది. మిగిలిన చుక్కల కోసం గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, దాన్ని రెండు చుట్లు వదులు చేయాలి. ట్యాంకు విషయంలో మధ్యస్థం పనికిరాదు. ఇథనాల్ లేని పెట్రోలైతే మూతిదాకా నింపాలి, తేమ చేరే ఖాళీ మిగలకుండా. ఈ-20 అయితే చుక్క లేకుండా తీసేసి, ఇనుప ట్యాంకు లోపల కాస్త టూటీ ఆయిల్ పోసి నాలుగు వైపులా తిప్పాలి. వానాకాలంలో మూత కింద రబ్బరు వాషర్‌ను వేలితో నొక్కి చూడాలి. గట్టిపడి ఉంటే అదే వాన నీటికి దారి. కొత్తది ఏ స్పేర్ పార్టుల కొట్లోనైనా దొరుకుతుంది.